మచ్చ లేని చేప

పోయాయనే అనుకున్నాను, నిన్న సాయంత్రం చూసినప్పుడు నీలం చేప ఒంటి మీద ఒక్క తెల్ల చుక్క లేదు, మూడు రోజులుగా ఉప్పు చల్లినట్టున్న ఒళ్ళు కడిగినట్టు నున్నగా ఉంది, చిటికెడు మేత కూడా తిన్నది, మేముండే గోడాదరా దాకా బస్సులో నిలబడి పోయినా కాళ్ళనొప్పి తెలియలేదు, ఇంటికి పోయి నా భార్య భూదేవికి చెప్తే, పోనీ తియ్, ఇయ్యాల నీ మొఖం జర మనిషి మొఖంలెక్క ఉన్నది అన్నది, మా సంధ్యారాణి మాత్రం ఫోన్లోంచి తల ఎత్తకుండా, పప్పా, చుక్కలు పోయినయ్ అంటే బీమారి పోయినట్టు కాదంట, ఆ పురుగు ఒంటి మీదికెళ్ళి రాలి కింద ఇసుకల పడ్తదంట, ఆడ ఒక్కటి వందలైతదంట, మళ్ళ పైకొచ్చి పట్టుకుంటదంట, బహుత్ ఖతర్‌నాక్ హై పప్పా అన్నది, కాలేజీకి పోయే పిల్ల, దానికి లోకమంతా ఫోనే చెప్తుంది, నీ సదువు నువ్వు సదువుకో పో అన్నాను, ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి శేట్ ఆఫీసు తాళం తీసి లైటు వెయ్యగానే మొదట కనబడింది గాజు పెట్టెలో నీలం చేపే, నీళ్ళ మోటారు మూలకు ఒరిగిపోయి, మొప్పలు టకటకా కొట్టుకుంటూ, ఒళ్ళంతా మళ్ళీ చుక్కలు, మొన్నటికి రెండింతలు, పసుపుదానికీ ఉన్నాయి, చారలవి రెండూ రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి, ఒక్క కొత్తది, నేను తెచ్చిన ఆ నారింజ రంగు జోకర్ చేప ఒక్కటే, అద్దం దగ్గరికొచ్చి తోక ఊపుతూ మేత అడుగుతోంది.

ఇరవై రెండేళ్ళు మగ్గాల చప్పుడులో బతికి చెవులు సగం పోయాక శేట్ నన్ను కార్ఖానా నుంచి ఈ బట్టల మార్కెట్ ఆరో అంతస్తులో తన ఆఫీసుకు తెచ్చి, చీరలు నేసినోడివి చేపలు సాకలేవా అని ఈ గాజు పెట్టె అప్పగించాడు, ఇంత చల్లని పని ఉంటుందని అప్పటిదాకా తెలియదు, ఉప్పు తూచి నీళ్ళలో కలిపి సముద్రం తయారు చెయ్యడం నేర్చుకున్నాను, సముద్రం నేను ఇప్పటికీ చూడలేదు, ఇక్కడికి గంట దూరంలో ఉందంటారు, నీలం చేప నేను వచ్చినప్పటి నుంచీ ఉంది, చెయ్యి పెడితే వేళ్ళ మధ్య దూరి పోయేది, చేపల దుకాణం రవీంద్ర కొత్తదాన్ని సంచిలో పోసి ఇస్తూ, సోమలింగం భాయ్, మహీనా భర్ అలగ్ రఖ్‌నా, ఎంత మంచిగా కనబడినా సరే, నెల రోజులు వేరే తొట్టిలో ఉంచు అన్నాడు, ఉంచాను, తెల్ల ప్లాస్టిక్ తొట్టి, దాక్కోవడానికి ఒక పైపు ముక్క, ఇసుక లేదు, రాయి లేదు, తోడు లేదు, అది గుండ్రంగా తిరిగి తిరిగి తొట్టి గోడకు ముక్కు ఆనించి నిలబడేది, నేను వంగితే పైకి వచ్చేది, ఐదో రోజు నావల్ల కాలేదు, శేట్ చెప్పలేదు, ఎవరూ తొందర పెట్టలేదు, నేనే వల తీసుకొని పెద్దదాంట్లో వదిలాను, దాని ఒంటి మీద ఏమీ లేదు, కన్ను తేటగా ఉంది, ఆకలిగా తింటోంది, దీనికేం బీమారి అనుకున్నాను, అది నీలం చేప పక్కకు పోయి నిలబడితే నాకే ఎవరో తలుపు తీసినంత హాయి అయింది.

తలుపు తీసింది అన్న, మా బుచ్చిరాములన్న, లాక్‌డౌన్లో మగ్గాలు ఆగి, భూదేవీ పిల్లా అప్పటికే తల్లిగారింట్లో ఉంటే, నెలన్నర కార్ఖానా గదిలో తొమ్మిది మందిమి ఒకరి కాళ్ళ మీద ఒకరం పడుకొని, ఆఖరికి రైలు దొరికి ఊరికి పోతే ఊళ్ళోకి రానియ్యలేదు, పద్నాలుగు రోజులు బడిలో ఉండమన్నారు, రెండో తరగతి గది, మూలకు నెట్టిన బల్లలు, గోడ మీద ఎక్కాలు, అన్న పొద్దున మాపు గిన్నె గేటు దగ్గర పెట్టి దూరంగా బండి మీద కూర్చొని, తిన్నవా తమ్మీ, పప్పుల ఉప్పెక్కువైందా, మీ వదినెకు చెప్పకు మల్ల అనేవాడు, ఐదో రోజు నేను గేటు పట్టుకొని ఏడ్చాను, నలభై ఏళ్ళవాణ్ణి, అన్నా, నాకు తుమ్ము గూడ లేదు, గిట్ల ఒక్కన్నే ఉంటే పిచ్చి లేస్తది, నన్ను తీస్కపో అన్నా అని, అన్న పోయి పంచాయతీ కార్యదర్శితో ఏం మాట్లాడాడో, వచ్చి, ఎక్కు, ఎవడేమంటడో సూద్దాం అన్నాడు, బండి మీద అన్న వీపుకు ఆనుకొని కూర్చున్నాను, చెమట వాసన, ఊరి గాలి, ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం ఆ పూట, పదో రోజుకు అన్నకు దగ్గు, షుగర్ మనిషి, కరీంనగర్ తీసుకుపోయారు, ఆ తర్వాత మూట కట్టిన అన్ననే చూశాను, అదీ దూరం నుంచి, నాకు మాత్రం చివరిదాకా దగ్గు రాలేదు, జ్వరం రాలేదు, వదిన విజయశ్రీ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా, మరిదీ, నువ్వేం మనసుల పెట్టుకోకు, నీకేం లేకుండె గద, ఆయననే అంగడికి పోయి తెచ్చుకున్నడు అంటుంది, అవును వదినె, నాకేం లేకుండె అంటాను, ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట పట్టుకొని నిద్రపోతున్నాను.

మందు ఉంది, రాగి మందు, దాన్ని పెద్ద పెట్టెలో పోస్తే పగడాలు, రొయ్యలు చస్తాయి, చేపలన్నిటినీ బయటికి తీసి తొట్టిలో మందు పెట్టాలి, పెట్టెను రెండున్నర నెలలు చేపలు లేకుండా వదిలేస్తే ఇసుకలో పురుగు తిండి లేక పోతుందట, శేట్‌కు ఫోన్ చేస్తే, రెండున్నర నెలలు నా గిరాకీలకు ఉప్పునీళ్ళు చూపియ్యాల్నా, చచ్చేదాన్ని పారేసి అదే సైజుది తెచ్చెయ్, కిస్‌కో మాలూమ్ పడేగా అని పెట్టేశాడు, ఎవరికీ తెలియదు, నిజమే, వల వేస్తే నీలం చేప పారిపోలేదు, దానంతటదే వచ్చినట్టు వలలోకి ఒరిగింది, తెల్ల తొట్టిలో మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, అది పక్కకు పడిపోతుంటే అరచేతిలో నిలబెట్టి, మరో చేత్తో రవీంద్రకు ఫోన్ కలిపాను, గట్టిగ మాట్లాడు భాయ్, నా చెవులు సరిగ లేవు అన్నాను, ఎన్నిటికి చుక్కలున్నాయి అన్నాడు, కొత్తదానికి తప్ప అన్నిటికీ అన్నాను, వాడు, అరే భాయ్, వహీ లాయా హై, అదే తెచ్చింది, దానికి ఎప్పుడో వచ్చి పోయి ఉంటుంది, ఒళ్ళు అలవాటు పడింది, పైకి కనబడదు, మొప్పల్లో ఉంటుంది, దానికేం కాదు, అది బతుకుతుంది, పక్కవాటికి ఇస్తుంది, అందుకే నెల రోజులు అన్నాను, సాఫ్ కనబడేదానికే నెల రోజులు, జబ్బుదైతే నువ్వే పక్కన పెడతావు కదా అన్నాడు.

అరచేతిలో మొప్పలు ఒకసారి తెరుచుకున్నాయి, మూసుకోవడానికి చాలాసేపు పట్టింది, మళ్ళీ తెరుచుకుంటాయేమోనని చూశాను, నీళ్ళు కదిలితే అదే కదిలిందనుకున్నాను, చెయ్యి తీస్తే వెల్లకిలా తేలింది, పెద్ద పెట్టెలో కొత్తది నన్ను చూసి పైకీ కిందికీ ఈదుతోంది, ఒంటి మీద చుక్క లేదు, దాని మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు, దానికేం తెలుసు, ఒంటరిగా ఉండలేక తోడు కావాలనుకుంది అంతే, ఎవరో తీసి వదిలితే పోయి పక్కన నిలబడింది అంతే, నాకేం లేకుండె అన్న వదిన మాట అబద్ధం కాదు, నాకు దగ్గు లేదు, జ్వరం లేదు, బాగున్నాను, బాగున్నాను కనుకే అన్న బండి ఎక్కించుకున్నాడు, అంగడి ఆ నెలంతా బందే ఉంది, అన్న ఎక్కడికీ పోలేదు, నేనే ఇచ్చాను.