కుడి చెవి

ఆ డోలు గొంతు నులిమింది మీరే. మీరంతా కలిసి నులిమారు. మా ఆయన మునిప్రసాద్, మా అత్త చంద్రకాంతమ్మ, వేళాపాళా లేకుండా గంట కొట్టే కొరియర్ మనిషి, గ్యాస్ బండ దించేవాడు, ఎలాగూ ఇంట్లోనే పడి ఉంటుంది కదా అని తాళాలు నా చేతిలో పెట్టి ఊళ్లకు పోయే పక్కింటివాళ్లు. నింద మాత్రం నా ఒక్కదాని నెత్తిన పడింది. దాన్ని మోసుకుని తిరిగే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. అందంగా రాయడం రాదు, రాకపోతే పోయింది.

తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో మాకు రికార్డింగ్ స్టూడియో ఉంది. ఉంది అంటే మా ఆయనకు ఉంది. ముందు గదిలో మంచి స్పీకర్లు, తిరిగే కుర్చీ, వచ్చినవాళ్లకు టీ. అక్కడ ఆయన రికార్డు చేస్తాడు. ఆ తర్వాత పాట వంటింటి పక్క గదిలోకి, నా దగ్గరికి వస్తుంది. నాకొక పాత కంప్యూటరు, దాని పక్కన టిఫిన్ డబ్బా అంత ప్రాసెసర్ పెట్టె, ఒక హెడ్‌ఫోన్. పాటను ఆ పెట్టెలోంచి నడిపించి, మితిమీరిన చోట అణచి, నీరసపడిన చోట లేపి, ఫోనులో విన్నా కారులో విన్నా పాటలాగే వినబడేట్టు చివరిసారి సరిదిద్దాలి. మాస్టరింగ్ అంటారు. నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాను. బోర్డు మీద మునిప్రసాద్ పేరుంది. "మా ఇంట్లో ఆమె బటన్లు తిప్పతా ఉంటాదిలే సార్, పొద్దుపోవల్ల గదా" అని నా గురించి చెబుతాడు. నాకు పొద్దుపోవడం లేదట! అన్నం వార్చేదెవరు, ఆయనమ్మ మోకాళ్లకు నూనె రాసేదెవరు?

అయినా ఆ పని మీద నాకు పిచ్చి. ఎందుకో చెప్తాను. పెళ్లికి ముందు చిత్తూరులో కంప్యూటర్ నేర్చుకునేటప్పుడు, తోటి అమ్మాయి అమల నా తలకు హెడ్‌ఫోన్ తగిలించింది. ఎవరిదో పిల్లనగ్రోవి. ఆ చెవిలోనూ ఈ చెవిలోనూ కాదు, నా నుదుటి వెనక, సరిగ్గా మధ్యలో మోగింది. నాలో అలాంటి చోటొకటి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఎవరూ రాని, ఎవరూ పిలవని చోటు. పెళ్లయ్యాక ఇంతమంది పాటలు సరిదిద్దాను గానీ ఆ నడిమి చోటు మళ్లీ దొరకలేదు. ఎక్కడ పోయిందో తెలియలేదు. వయసుతో పాటు పోయిందేమో అనుకున్నాను. గిన్నెలు తోముతూ ఒక్కోసారి కళ్లు మూసుకుని వెతుక్కునేదాన్ని, చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు.

మొన్న పలమనేరు నుంచి యాస్మిన్ వచ్చింది, వాళ్ల నాయన నాయబ్ రసూల్‌ను వెంటబెట్టుకుని. ఆమెది నాదస్వరం, ఆయనది డోలు. మా దగ్గరే రికార్డు చేశారు. నేను సరిదిద్దిన పాట ఫోనులో విని, ఇద్దరూ బస్సెక్కి వచ్చేశారు.

"ఏమప్పా ప్రసాదూ, నా డోలు యాడ దాచిపెట్టినావు?" పెద్దాయన నవ్వుతూనే అన్నాడు. "పాప నాదస్వరం బ్రమ్మాండంగా ఉండాది. నేనేమో పక్కింట్లో కూసోని పగిలిన బిందె కొట్టినట్టు ఉండాను."

యాస్మిన్ నవ్వలేదు. "కూతురికి పక్కవాయిద్యం వాయిస్తావా అని మావోళ్లు మా నాయన్ని ఎన్ని మాటలన్న్యారో సార్. ఆయన నా పక్కన కూసోని వాయించింది నలుగురూ వినల్లనే రికార్డు చేయించినా. ఆ డోలే లేకపోతే ఇంకేముండాది?"

"మే లోహితా, ఇట్లా రా!" మా ఆయన కేక. వెళ్లాను. చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది. "చెవులు యాడ పెట్టుకోని చేసినావు దీన్ని? సిగ్గు తీసినావు గదా." వాళ్ల ముందే అన్నాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, మెత్తగా, "తప్పయిపోయింది పెద్దాయనా. ఇంకమీదట ఈ పనంతా మద్రాసులో మావాడు ధనశేఖర్ ఉండాడు, ఆడికి పంపించేస్తా. ఇంట్లో ఆడోళ్లతో అయ్యే పని కాదిది" అన్నాడు.

ఆ పెట్టె పోతే నాకింకేం మిగులుతుంది? వంటిల్లు. పక్క గదిలో మళ్లీ ఉల్లిగడ్డల బస్తా పెడతారు.

"ఒక్కసారి ఈడ విని చూస్తా," అని ఆయన కుర్చీలో కూర్చున్నాను. అడగలేదు, కూర్చున్నాను. చేతులు చీరకు తుడుచుకుని హెడ్‌ఫోన్ రెండు చెవులకూ బిగించి, నేను చేసిన పాటను కాదు, మొదట రికార్డయినదాన్ని పెట్టాను.

ఎడమ పక్క కూతురు. కుడి పక్క తండ్రి. ఆమె ఊపిరి పట్టి స్వరాన్ని సాగదీస్తుంటే, ఆయన ఆగి, ఆగి, ఆమెకు చోటిచ్చి, అప్పుడు వేశాడు దెబ్బ. వాళ్లిద్దరి నడుమ ఉన్న చాప కూడా వినబడినట్టయింది నాకు. నుదుటి వెనక ఆ చోటు తెరుచుకుంది. ఇన్నేళ్లూ అక్కడే ఉందా? నన్ను విడిచి ఎక్కడికీ పోలేదా? ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేక వింటున్నాను.

కుడి చెవి మీది హెడ్‌ఫోన్ డిప్ప పైకి లేచింది. మా ఆయన చెయ్యి. "అమ్మ పిలస్తా ఉండాది. నీళ్లు గావాలంట."

నా ముఖం వైపు కూడా చూడలేదు. కుండ మీది మూత తీసినట్టు అలవాటుగా తీశాడు. అప్పుడర్థమైంది నాకు. పెళ్లయిన కొత్తలో ఒకసారి పాలు పొంగి పొయ్యంతా పాడైతే, "చెవులు మూసుకోని కూసుంటే ఇల్లెట్లా గడుస్తాది తల్లీ?" అంది మా అత్త. ఆరోజు కుడి డిప్పను చెవి వెనక్కి నెట్టాను. మళ్లీ ముందుకు లాగలేదు. కుడి చెవిని కుక్కరుకు, గంటకు, అత్త పిలుపుకు ఇచ్చేసి, ఎడమ చెవితో మాత్రమే పాటలు విన్నాను. ఇంతకుముందు పాటల్లో గొంతు రెండు పక్కలా ఉండేది కాబట్టి ఏ చెవికైనా చేరింది. ఈ డోలు కుడి పక్కనే ఉంది. నా పెట్టెలో అది నలిగి గరగరమంటుంటే, నా కుడి చెవి మీ ఇంటి పనిలో ఉంది.

ఆయన చేతిలోంచి డిప్పను లాగి చెవి మీద పెట్టుకున్నాను. పాట అయ్యేదాకా లేవలేదు.

"ఏమ్మే, నీతోనే! చెవుడా?"

నాయబ్ రసూల్ అడ్డమొచ్చాడు. "నువ్వు పొయ్యి ఇయ్యప్పా ఆ నీళ్లు. నా డోలొచ్చే చోటే లేపల్లనా ఆ పాపను?" యాస్మిన్ ఈసారి నవ్వింది.

నేను నవ్వలేదు. హెడ్‌ఫోన్ మెడ మీదికి దించి చెప్పాను.

"మద్రాసుకు పంపేది లేదు. ఈ పాట నేనే మళ్లీ చేస్తా. ఈడ, ఈ గదిలో, ఈ స్పీకర్లలో. ఈ తలుపుకు లోపలి పక్క గడియ లేదు, వడ్రంగిని ఇప్పుడే పిలిపించు. నేను లోపలుండేంత సేపూ గంట మోగితే నువ్వు పోవల్ల, కుక్కరు కూస్తే నువ్వు దించల్ల, అత్త పిలిస్తే నువ్వు పలకల్ల. ఆమె నీకు అమ్మ గదా. పాట బయటికి పోయేటప్పుడు దాని మీద నా పేరు ఉండల్ల. సాయంత్రం మాట్లాడుకుందాం అనొద్దు, పెద్దోళ్లు బస్సెక్కి వచ్చి కూసోనుండారు. పో, నీళ్లిచ్చేసి, వచ్చేటప్పుడు నా గదిలోంచి ఆ పెట్టె ఎత్తుకోని రా."