ఏడో మైకు

ఎల్లేశం కాకకు దగ్గు ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు. అది ఎంత దగ్గో ఉపేందర్‌కు ఒక్కడికే తెలుసు.

గోదావరిఖనిలో ముసలివాళ్ళ దగ్గును ఎవరు లెక్కచేస్తారు? ముప్పై ఏళ్ళు భూమి కింద బొగ్గు తవ్వినవాడు దగ్గకపోతేనే వింత. పక్కింటివాళ్ళు "కాకా, గరం నీళ్ళు తాగు" అని గోడ మీదుగా ఓ మాట పడేసి తమ పనిలో పడిపోయేవాళ్ళు. ఉపేందర్‌కు ఆ వీలు లేదు. అతనిది సౌండ్ సర్వీసు. కాక పాడే ప్రతి సభలోనూ మిక్సర్ ముందు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేవాడు. హాలంతటికీ వినపడనిది హెడ్‌ఫోన్‌లో వినపడుతుంది. చరణానికీ చరణానికీ మధ్య కాక ఊపిరి ఎంత కష్టం మీద లోపలికి పోతోందో, గొంతు అడుగున ఏం గరగరలాడుతోందో అతనికి తెలిసిపోయేది.

మూడేళ్ళ కిందట ఒక సభలో పాట మధ్యలోనే కాకకు దగ్గు తెర వచ్చింది. ఉపేందర్ వేలు దానంతట అదే మ్యూట్ బటన్ మీదికి పోయింది. ఎర్రలైటు వెలిగింది, మైకు మూగబోయింది. డప్పు కొట్టే రఘుపతి సంగతి కనిపెట్టి దరువు పెంచాడు. కాక పక్కకు తిరిగి, దగ్గినంత దగ్గి, కండువాతో మూతి తుడుచుకుని మళ్ళీ జనం వైపు తిరిగాడు. ఉపేందర్ మ్యూట్ తీసేశాడు. పాట ఆగిందని కూడా ఎవరికీ అనిపించలేదు.

సభ అయ్యాక కాక మిక్సర్ దగ్గరికి వచ్చాడు.

"మంచిగ జేసినవ్ బిడ్డా. ఎప్పుడైనా గిట్లనే చెయ్యి. నేను మైకు మీద రెండుసార్లు తట్టిననుకో, బంద్ వెట్టు."

"కాకా, ఒక్కసారి దవాఖానకు పోరాదు? నేను తోలుకపోత."

"పోతే యమునకు తెలుస్తది. దానికి తెలిస్తే పాట బంద్ చేపిస్తది. పాట లేకుంటే నేనేం జెయ్యాలెరా, ఇంట్ల కూసోని గోడలు సూడాల్నా? నా మీద ఒట్టు, దానికి చెప్పకు."

యమున కాకకు ఒక్కగానొక్క కూతురు. గోదావరి అవతల జైపూర్‌లో అత్తగారిల్లు, అక్కడే ఒక దవాఖానలో నర్సు ఉద్యోగం. నెలకు ఒకటి రెండు ఆదివారాలు తండ్రిని చూసిపోయేది. ఆ పూట కాక పొద్దున్నే దగ్గు మందు సగం సీసా తాగేసి, మాట తగ్గించి నవ్వు పెంచి కూర్చునేవాడు. తల్లి పోయినప్పటి నుంచీ నాయిన ఇట్లనే అయ్యాడులే అనుకునేది ఆమె. దారిలో కనపడితే ఉపేందర్‌ను "అన్నా, నాయిన మంచిగున్నడా?" అని అడిగేది. "మంచిగున్నడు చెల్లె" అనేవాడు. అన్నా అని పిలిపించుకుంటూనే మూడేళ్ళు ఆ ఒక్క అబద్ధాన్ని మోశాడు. ఒట్టు ఉంది కదా అని తనకు తాను చెప్పుకునేవాడు. నిజానికి అతనికి ఒట్టు కంటే భయమే ఎక్కువ. కాక పాట ఆగిపోతే ఆ పాపం తన మెడకు చుట్టుకుంటుందని భయం.

ఈ ఏడాది వానలకు ముందు, కాక పనిచేసిన పాత బొగ్గుబావిని మూసేశారు. సెంటినరీ కాలనీ హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. కాక పాడకపోతే అది సభే కాదన్నారు పాత కార్మికులు.

ఉపేందర్ అప్పటికి కొత్తగా డిజిటల్ మిక్సర్ కొన్నాడు. పాత మిక్సర్‌తో రికార్డింగు అంటే హాలు విన్నదంతా కలగలిపి ఒకే తీగలో కంప్యూటర్‌లోకి పోవడమే. డప్పు ఎక్కువైతే ఎక్కువైనట్టే, గొంతు తగ్గితే తగ్గినట్టే, తర్వాత సరిచేసుకోవడానికి ఏమీ ఉండదు. కొత్తదానిలో అలా కాదు. ఒకే ఒక్క యూఎస్‌బీ తీగ లాప్‌టాప్‌కు గుచ్చితే పదహారు మైకులూ పదహారు పట్టీలుగా దేనికది విడిగా ఎక్కుతాయి. వారం పాటు ఫోన్‌లో హిందీ వీడియోలు చూసి అదంతా ఒంటపట్టించుకున్నాడు. ఒక వీడియో మాత్రం సగంలో వదిలేశాడు. శబ్దం మిక్సర్‌లో ఏ చోటు నుంచి చీలి కంప్యూటర్‌కు పోతుందో గంటసేపు చెప్పే వీడియో అది. ఎక్కడి నుంచి పోతే ఏంది, పోతే చాలదా అనుకున్నాడు.

ఇదంతా ఎందుకంటే, ఆ గొంతు ఇంకెంతో కాలం ఉండదని అతనికి తెలుసు. నోటితో చెప్పలేకపోయినవాడు కనీసం ఆ పాటనైనా శుభ్రంగా పట్టి యమున చేతిలో పెట్టాలనుకున్నాడు. సభనాడు మధ్యాహ్నమే హాలుకు పోయి, తెర మీద ఒక్కో పట్టీకి పేరు రాశాడు. డప్పు, హార్మోనియం, వంతపాట. ఏడోదానికి "కాక" అని రాశాడు. రికార్డు కావలసిన ప్రతి పట్టీ మీదా ఎర్ర చుక్క నొక్కి, అందరి చేతా హలో అనిపించి, గీతలు కదులుతున్నాయో లేదో చూసుకున్నాడు. కరెంటు పోతే ఎలా అని మిక్సర్‌కు యూపీఎస్ కూడా పెట్టాడు.

ఆ సాయంత్రం యమున సెలవు పెట్టి వచ్చి ముందు వరసలో కూర్చుంది. కాక గంటసేపు పాడాడు. ఐదుసార్లు మైకు మీద తట్టాడు. ఐదుసార్లూ ఎర్రలైటు వెలిగింది, రఘుపతి డప్పు లేచింది, కాక పక్కకు తిరిగి కండువాలో మొహం దాచుకున్నాడు. బావి పోతోందని ముసలాయన ఏడుస్తున్నాడనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. యమున కూడా కళ్ళు తుడుచుకుంది.

తొమ్మిదో రోజు పొద్దున ఊపిరాడక కాక చనిపోయాడు. యమున జైపూర్ నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. వచ్చిపోయేవాళ్ళందరితోనూ ఆమె ఒకటే మాట.

"మొన్ననే గదా గంటసేపు పాడిండు. ఒక్కసారన్న దగ్గలే. నేను ముంగటనే కూసున్న."

ఉపేందర్ ఆ మాట గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. లోపలికి పోకుండానే వెనక్కి తిరిగాడు.

దినాలు అయిన మర్నాడు, పగలు పన్నెండు గంటలకు యమున అతని షాపుకు వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. చేతిలో పెన్‌డ్రైవ్.

"అన్నా, నాయిన పాటలు ఇందుల ఎక్కియ్యవా?"

"అదే పని మీదున్న చెల్లె. కూసో."

నిజానికి అతను ఆ రికార్డు వినలేదు. సభ అయ్యాక గీతలు పడ్డాయా లేదా అని చూసుకున్నాడంతే. వినడానికి మనసొప్పలేదు. ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చుంటే మాత్రం, ఇన్నాళ్ళకు ఈ పిల్లకు ఒక్క మంచి పని చేస్తున్నానన్న ఊరట కలిగింది. అదే అతని కొంప ముంచింది.

"అన్ని మైకులు దేనిదది ఉంటయ్. డప్పు గిట్ట ఏం లేకుంట నాయిన గొంతొక్కటే ఇనిపిస్త, సూడు" అని ఏడో పట్టీ మీద నొక్కాడు. మిగతావన్నీ ఆగిపోయాయి.

"దీపం నెత్తిన వెట్టుకోని దిగినం బిడ్డా లోపలికి..."

కాక వచ్చి ఆ గదిలో నిలబడి పాడుతున్నట్టే ఉంది. యమున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు చరణాలు అయ్యాయి. టక్, టక్ అని మైకు మీద వేలు తట్టిన చప్పుడు.

ఆ తర్వాత దగ్గు.

ఆగని దగ్గు. పీల్చిన గాలి లోపలికి పోక ఈల వేసింది. మళ్ళీ దగ్గు, తడిగా, పేగులు తెగేటట్టు. బటన్ హాల్లో స్పీకర్ల నోరు మూసింది గాని, కంప్యూటర్‌కు పోయే దారి ఆ బటన్ కంటే ముందే చీలిపోయింది. సగంలో వదిలేసిన వీడియోలో ఉన్నది అదే. అతను మూడేళ్ళు దాచినదంతా అతని చేతి మీదుగానే, పేరు రాసి మరీ రికార్డయింది.

ఆపుదామని చెయ్యి చాచాడు. యమున అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండనియ్."

పాట మళ్ళీ మొదలైంది. మళ్ళీ తట్టిన చప్పుడు, మళ్ళీ దగ్గు. మూడోసారి దగ్గు అయ్యాక కాక గొంతు తగ్గించి, రొప్పుతూ మాట్లాడాడు. ఆ మాట ఆ రోజు ఉపేందర్ హెడ్‌ఫోన్‌లో విన్నాడు. అది అక్కడితోనే పోయిందనుకున్నాడు.

"ఉపేందరూ... బంద్ వెట్టినవా? బిడ్డ ముంగటనే కూసున్నది. మూడేండ్లు దాచినవ్... ఈ ఒక్కనాడు దాయి."

యమున చివరిదాకా విన్నది. నాలుగోది, ఐదోది కూడా విన్నది. దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు చేతి గడియారం మీదికి పోయాయి. ఎంతసేపో లెక్కపెట్టడం నర్సుల అలవాటు. అంతా అయ్యాక అతని చెయ్యి వదిలేసింది.

"మూడేండ్లా అన్నా?"

అతను తల ఊపాడు. "కాక ఒట్టు వెట్టిండు చెల్లె..."

"రోజూ ఇసొంటి దగ్గులే ఇంట నేను. బొగ్గు దగ్గు ఎట్లుంటదో, అండ్ల ఎంత ముదిరిందో, ఒక్కసారి ఇంటె చెప్త." ఆమె గొంతు పెరగలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. "బతుకుతుండెనో లేదో తెల్వది. ఇంకొన్నొద్దులైతే ఉంటుండె. ఊపిరాడక, ఒక్కడే, అట్ల పోకపోతుండె."

"తప్పయింది" అన్నాడు ఉపేందర్. మూడేళ్ళ తర్వాత అంత చిన్న మాట తన నోట్లోనే చేదుగా తోచింది. "నువ్వు పాటలే తీస్కపో చెల్లె. దగ్గు కాడికి కోసి, మంచిగ జేసి ఇస్త."

"కొయ్యకు. ఉన్నది ఉన్నట్టే ఇయ్యి."

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి కొంత సమయం పట్టింది. యమున బల్ల మీద ఉన్న మిక్సర్ వైపు చూస్తూ కూర్చుంది.

"ఏ బటన్?" అంది ఉన్నట్టుండి.

అతను ఏడో వరసలో బటన్ చూపించాడు. ఆమె చూపుడువేలు దాని మీద పెట్టి నొక్కింది. ఎర్రలైటు వెలిగింది. కాసేపు దాన్నే చూసి, మళ్ళీ నొక్కింది. లైటు ఆరిపోయింది.

"ఒక్క వేలుతోని, ఇంత అల్కగనా అన్నా?" అంది.

పెన్‌డ్రైవ్‌ను బ్యాగులో వేసుకుని, జైపూర్ వైపు పోయే ఆటో కోసం బయటికి నడిచింది.