చచ్చిన రాణికి వన్స్‌మోర్

శామీర్‌పేటలోని దుర్గాబాయి నాటక సమాజానికి కొత్త లైటింగ్ కన్సోల్ కొనే రోజున, దీపాలు చూసుకునే ఆఫ్షీన్‌కి కాలు ఒకచోట నిలవలేదు. ఫంక్షన్ హాలు వేదిక ఎదురుగా బల్ల మీద రెండు కన్సోళ్లు పెట్టారు. ఒకటి పైకీ కిందికీ జరిపే పిడులున్నది, పాత బోర్డుకి సొంత చెల్లెలు. రెండోదానికి టీవీలాంటి తెర ఉంది. దీపాల మార్పులన్నీ ముందే గుర్తుపెట్టుకుంటుంది. ‘గో’ బటన్ నొక్కితే తర్వాతి వెలుగు దానంతటదే వస్తుంది.

ఆఫ్షీన్ మనసు రెండోదాని మీదే. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాత బోర్డు రెండు చేతులూ రెండు కళ్లూ అడిగే రాక్షసి. ఏళ్ల తరబడి నాటకంలో రాణిగా దుర్గాబాయి చచ్చే ఘట్టానికి సంధ్య వెలుగు దించిందే కానీ, ఆ చావుని ఆమె ఒక్కసారీ కళ్లారా చూడలేదు. జనం ముక్కులు చీదే చప్పుడు మాత్రం వినేది.

“గుర్తువెట్టుకునే మిషిన్ నాకెందుకే? పద్యాలు నాకు గుర్తున్నయి గద!” అంది దుర్గాబాయి. సమాజం ఆమెది, రాణి వేషం ఆమెది, చివరి మాటా ఆమెదే.

“ఒక్కసారి సచ్చి సూడు దుర్గమ్మా. నచ్చకుంటే పిడులదే కొందం,” అని బతిమాలింది ఆఫ్షీన్.

కన్సోళ్లు అమ్మడానికి వచ్చిన భాస్కర్ రాణి మరణాన్నీ, దాని వెనకే వచ్చే యువరాజు పెళ్లినీ తెర ఉన్న కన్సోల్‌కి ఎక్కించాడు. దుర్గాబాయి పద్యం ఎత్తుకుంది. ఆఫ్షీన్ గో నొక్కింది. నారింజ వెలుగు మెల్లగా నీలమైంది. చేతులు ఖాళీ కావడంతో తలెత్తి చూసింది. ఒరిగిపోతున్న రాణి, వేదిక మీద లేని కొడుకు చెంప తడమబోయి గాలిని నిమిరింది. ఆఫ్షీన్ గుండె చెరువైంది.

అంతలో తెర లాగే కుర్మయ్య అలవాటు కొద్దీ “వన్స్‌మోర్!” అని అరిచాడు.

పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే శవమైనా లేచి మళ్లీ పాడాల్సిందే. దుర్గాబాయి లేచింది. కళ్లనిండా నీళ్లతో ఆఫ్షీన్ కంగారుగా మళ్లీ గో నొక్కింది. ఎర్రా పచ్చా దీపాలు వెలిగి పెళ్లి మొదలైంది.

“నా సావుకు పెండ్లి లైట్లేందే!” శవం నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఇగ గిది వద్దు. పిడులదే ఇయ్యి.”

“వెనక్కి పోవడానికి పక్కనే బ్యాక్ బటన్ ఉందండీ,” భాస్కర్ నసిగాడు. “నేను చూసిన నాటకాల్లో చచ్చినవాళ్లు లేవరు. అందుకే చెప్పలేదు.”

“తప్పు మిషిన్‌ది గాదు దుర్గమ్మా, నాది,” అంది ఆఫ్షీన్. “నిన్ను సూస్తున్న. ఇన్నేండ్ల సంది ఒక్కసారి గూడ సూడలే. గా బోర్డు సూడనియ్యలే. ఏడుపొచ్చింది, బటన్ తప్పిన.”

దుర్గాబాయి నడుం మీది చేతులు దించింది. తర్వాత కిందికి దిగి, నొసటి స్టిక్కర్ బొట్టు పీకి బ్యాక్ బటన్ మీద అంటించింది.

“ఇగ బటన్ తప్పవు. సూడు, మంచిగ సస్త,” అని మళ్లీ వేదికెక్కింది.

ఈసారి రాణి ఇంకా నిదానంగా ఒరిగింది. నీలం చీకటైంది. తిట్లు పడతాయని కుర్మయ్య నోరు మూసుకున్నాడు.

“వన్స్‌మోర్!” బొట్టు మీద వేలు నొక్కుతూ గొంతు చించుకుంది ఆఫ్షీన్.

సంధ్య వెలుగు తిరిగొచ్చింది. రాణి లేచి, పద్యమంతా ఆఫ్షీన్ వైపు తిరిగే పాడింది. అది పూర్తికాకముందే భాస్కర్ పిడులున్న కన్సోల్‌ని డబ్బాలో పెట్టేసుకున్నాడు.