సొరుగు తాళంచెవికి కాగితం సంచి

సన్నకుట్టు మేస్త్రి వేసిన కుట్టు ఊడిందని చెప్పగలిగిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. కావాలంటే రాసి పెట్టుకోండి. ఆయన కుట్టిన ప్యాంటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు మేడమీద వరండా కడ్డీకి వెనకజేబు తగులుకుని ఓ పూటంతా గబ్బిలంలా వేలాడాడు. చివరికి ఊడింది కడ్డీ, జేబు కాదు. కడ్డీ మళ్ళీ బిగించడానికి వచ్చిన తాపీపని ఆయన సిమెంటు వద్దని, ఆ దారమే రెండు మూరలు ఇప్పించమన్నాడట.

అంత సన్నం ఆ కుట్టు. చీమలు బారులు తీరినట్టు ఉండేది. మిషనుకు కుట్టు పొడవు మార్చే పిడి ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన అన్నిటికన్నా సన్నానికి దించి వదిలేశాడు. పందొమ్మిదేళ్ళు కదపలేదు. అది తుప్పుపట్టి అక్కడే కాపురం పెట్టింది.

అన్నట్టు, ఆ మిషను ఆయనది కాదు. వాళ్ళ అక్కది.

అక్కే ఆయనకు కుట్టు నేర్పింది. మొగుడు పోయాక ఆవిడ ఆ మిషను మీదే పిల్లను పెంచుకుంటూ ఉండగా, ఓసారి జ్వరంతో రెండు నెలలు మంచం పట్టింది. "ఊరికే పడుందిగా అక్కా, ఒక్క నెల వాడుకుని ఇచ్చేస్తా" అని తమ్ముడు బండిమీద వేసుకుపోయాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. మొదట కొట్టు పెట్టాడు, తర్వాత పెళ్ళి చేసుకున్నాడు, తర్వాత గిరాకీ పెరిగింది. అక్క రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ "రేపు" అన్నాడు. మూడోసారి ఆవిడ అడగలేదు. గుండీలు, హుక్కులు చేత్తో కుడుతూ బతికింది. కళ్ళు దానికే ఖర్చయిపోయాయి.

మిషను బల్లకు కుడివైపు ఒక చిన్న సొరుగు, దానికి తాళం. తాళంచెవి అక్క దగ్గరే ఉండిపోయింది. స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే క్షణంలో వచ్చేది. కానీ మిషను ఎత్తుకురావడానికి వెనకాడని చెయ్యి ఆ సొరుగు దగ్గర మాత్రం ఆగిపోయేది. ఏముందని ఎవరైనా అడిగితే ఓ రోజు జరీ దారమనీ, ఓ రోజు దొరగారి కొలతలనీ చెప్పేవాడు. పక్కకొట్టు ఇస్త్రీ ఆయనకు మాత్రం అసలు సంగతి తెలుసు.

"సొంత మిషను సొరుగు తెరవలేని మేస్త్రీని నిన్నే చూశానయ్యా" అనేవాడు. అప్పుడు మేస్త్రి తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని మిషను గట్టిగా తొక్కేవాడు.

ఓ మధ్యాహ్నం మేనకోడలు కొట్టు గడప దగ్గరికొచ్చి నిలబడింది. కార్డులు అచ్చువేసే ప్రెస్సులో పనిచేస్తోంది. చేతిలో చుట్టిన కాగితం ఉంది.

"రావే, కూర్చో."

"కూర్చోడానికి రాలేదు మామయ్యా. అమ్మ పంపితే వచ్చాను. మీరు దీంతో అరచేయంత సంచి కుట్టివ్వాలట."

చిన్నప్పుడు నువ్వు అనేది. ఇప్పుడు మీరట. మేస్త్రి కాగితం విప్పాడు. దళసరిగా, ఆకుపచ్చ మీద బంగారు తీగలతో మెరిసిపోతోంది.

"కాగితం సంచా? ఎందుకే?"

"సొరుగు తాళంచెవి అందులో వేసి మీకే ఇచ్చేస్తుందట. సంచి మాత్రం మీ చేత్తోనే కుట్టాలంది. కాగితం ఇదొక్కటే, పాడుచేయకండి."

మేస్త్రి మనసులోనే లెక్క వేసుకున్నాడు. తాళంచెవి ఇవ్వడమంటే మిషను ఇవ్వడమే. పోనీలేరా, నువ్వే ఉంచుకో అనడమే. పందొమ్మిదేళ్ళ నుంచి ఆ ఒక్క మాట వినలేదనే ఆయన అక్క ఉండే వీధి తప్పించి చుట్టుదారిన ఇంటికి పోతున్నాడు.

"మీ అమ్మతో చెప్పు. రేపు..." అని నాలుక కరుచుకున్నాడు. "సాయంత్రమే తెస్తా."

ఆ పూట గిరాకీని పొమ్మన్నాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. కత్తెర వీపుతో మడత నొక్కాడు. గుండుసూదులు పెడితే చిల్లులు కనిపిస్తాయని, బట్టలారేసే క్లిప్పులు పెట్టి అంచులు పట్టించాడు. కొత్త సూది బిగించి, రంగు కలిసే బంగారు దారం ఎక్కించాడు. గుండుసూదికి అంత భయపడ్డవాడు మిషను సూదికి మాత్రం భయపడలేదు. పిడి వంక చూడనైనా లేదు. అక్కకు తన పనితనమంతా చూపించాలి కదా!

"ఏం మేస్త్రీ, ఊళ్ళో గుడ్డలు అయిపోయాయా? కాగితాలకు దిగావు!" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"నోరు మూసుకుని బొగ్గులు చూసుకో. ఇది మా అక్కకి."

ఇస్త్రీ ఆయన నిజంగానే బొగ్గులు చూసుకున్నాడు.

రెండు పక్కలా కుట్లు, పైన మూత, మూతకు చిన్న గుండీ. అయ్యాక చూసుకుంటే నగలకొట్టు వాళ్ళు కూడా కుళ్ళుకునేలా ఉంది సంచి.

ఎండ ఇంకా దిగకముందే బయల్దేరాడు. అక్కది ఒకటే గది. మంచం, స్టవ్వు, కిటికీలో గుండీల డబ్బా. ఆవిడ కుర్చీలో గోడకు ఆనుకుని ఉంది. చూపు తలుపు వైపే ఉంది గానీ తలుపు దాకా వచ్చినట్టు లేదు.

"అక్కా, నేను."

"తెలుసులేరా. చెప్పులు ఈడుస్తూ నడిచేది నువ్వేగా. పిల్లా, మామయ్యకు మంచినీళ్ళివ్వు."

మేనకోడలు గ్లాసు తెచ్చి ఇచ్చింది. చల్లటి నీళ్ళు. గటగటా తాగి, రెండు చేతులతో సంచి అందించాడు.

అక్క దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకోలేదు. బొటనవేలితో కుట్టు మీద మెల్లగా రాసింది, ఒక పక్క, తర్వాత రెండో పక్క.

"సన్నగా ఉందిరా."

"నా కుట్టు అంటే అంతే అక్కా!" మేస్త్రి మొహం చేటంత అయింది.

ఆవిడ నడుము దగ్గర్నుంచి తాళంచెవి తీసింది. సంచి మూత ఎత్తి, నోరు తెరవడానికి రెండు వైపులా పట్టుకుని కొంచెం లాగింది. తపాలా బిళ్ళ చింపినట్టు, కుట్టు వెంబడే ఆ చివర్నుంచి ఈ చివరి దాకా పరపరా విడిపోయింది. చేతిలోని తాళంచెవి జారి నేలమీద పడి మోగింది.

మొదట్లో నేనో మాటన్నాను, కుట్టు ఊడిందని చెప్పగలిగిన మనిషి పుట్టలేదని. కొట్టేయండి. పుట్టింది. ఆయనకంటే ముందే పుట్టి, ఆయన్ని ఎత్తుకుని పెంచింది. ఆ వరండా కడ్డీ సంగతంటారా, అది ముందునుంచీ వదులేనట.

"నీచేత నేను మొదట కుట్టించింది ఏమిట్రా?" అంది అక్క.

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. పదేళ్ళ వయసులో, ఇదే కొలత కాగితం సంచి. పిడి మీద తన చెయ్యి, దాని మీద అక్క చెయ్యి.

"కాగితం సంచి."

"ఏం చెప్పాను?"

"దూరం దూరంగా కుట్టమన్నావు."

"గుడ్డకు చిల్లుపడితే పూడుతుందిరా. కాగితానికి పడితే పడ్డట్టే. దగ్గరదగ్గరగా పొడిస్తే చిరిగిపోతుంది. మిషను పట్టుకుపోయావు, మాట ఇక్కడే పారేసిపోయావు."

మేస్త్రి నేలమీద తాళంచెవి వైపు వంగాడు. ఆయన చెయ్యి చేరేలోపే మేనకోడలు తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఇంకోటి కుట్టి తెస్తా అక్కా."

"నెల్లోనా?"

మేస్త్రి అక్క చేతిలోంచి చినిగిన సంచి తీసుకున్నాడు. దాన్ని మడుస్తూ అడిగాడు.

"పోనీ, ఆ సొరుగులో ఏముందో చెప్పక్కా."

"రెండు ఖాళీ బాబిన్లు, ఒక సుద్దముక్క."

"అంతేనా? దానికోసమా ఇన్నేళ్ళు తాళంచెవి ఇవ్వలేదు?"

"నీకు ఇవ్వను అని చెప్పడానికి నా దగ్గర ఇంకేం మిగిల్చావురా?" అంది అక్క, తాళంచెవి మళ్ళీ నడుముకు దోపుకుంటూ. "పొద్దుపోకముందే వెళ్ళు. నాకైతే ఎప్పుడైనా ఒకటే, నీకు దారి కనపడాలిగా."

మేస్త్రి చినిగిన సంచి చేత్తో పట్టుకుని కొట్టుకొచ్చాడు. పిడికి నూనె పోశాడు. పట్టుకారుతో పట్టి తిప్పాడు. అరగంటకు కిర్రుమని కదిలింది. పాత కొలతల కాగితం ఒకటి మడిచి, దూరం దూరంగా కుట్టి లాగి చూశాడు. చెక్కుచెదరలేదు. అందులో వేయడానికి మాత్రం ఏమీ లేదు.

ఇప్పటికీ ఆ సొరుగు తాళం అలాగే ఉంది. ఏముందని అడిగితే ఆయన జరీ దారమనడం మానేశాడు. సుద్దముక్క అంటాడు. ఎవరూ నమ్మరు.

ఇదంతా ఉన్నదున్నట్టే చెప్పాను. ఒక్కటి మాత్రం నేను కలిపింది, ఆ గ్లాసు మంచినీళ్ళు. ఆ రోజు ఆ గదిలో ఎవరూ ఆయన్ని మంచినీళ్ళు తాగమనలేదు. అంత ఎండలో వెళ్ళినవాణ్ణి ఎండిన గొంతుతో తిప్పి పంపడానికి నాకే మనసొప్పక, నేనే పోశాను.