ఒక్కసారే కూలే గొట్టం

పాత మిల్లు పొగగొట్టాన్ని పది గంటలకు కూల్చేస్తారు. ఫొటో తప్పిపోతే మళ్లీ తీసే వీలుండదు. ఫొటోగ్రాఫర్ చేతిలో రీఫర్బిష్డ్ కెమెరా ఉంది. పక్కన ఆమె అన్నయ్య సణుగుతున్నాడు.

“ఎవరో వద్దని తిప్పి పంపింది నీకు అంటగట్టారు.”

“తిప్పి పంపిందే అన్నయ్యా. కానీ తయారుచేసిన కంపెనీయే విప్పి, షట్టర్ మార్చి, పరీక్షించి, ఏడాది వారంటీ ఇచ్చింది.”

“ఇప్పుడు ఆగిపోతే వారంటీ ఏం చేస్తుంది?”

ఆమె కెమెరాను గొట్టం వైపు గురిపెట్టింది. సైరన్ మోగింది. నేల అదిరి, గొట్టం నడుం విరిగినట్టు ఒరిగింది. ఆమె ఊపిరి బిగబట్టి మీట నొక్కి పట్టుకుంది. దుమ్ము కమ్మేసేదాకా షట్టర్ టకటకలాడుతూనే ఉంది.

తెరమీద పద్నాలుగు ఫొటోలు వచ్చాయి. రాలే ఇటుకలు కూడా విడివిడిగా కనబడుతున్నాయి. అన్నయ్య చేతులు చొక్కాకు తుడుచుకుని, “ఏదీ, ఇలా ఇవ్వు” అన్నాడు.