సొన్నమ్మ రెండో సాక్ష్యం

రేషన్ అంగడి ముందు రెండు గంటలు నిలబడి, తీరా సొన్నమ్మ వంతు వచ్చేసరికి అంగడివాడు తలుపు ఒక రెక్క మూసేసి, "బియ్యం అయిపోయినాయి, సోమవారం రాండి" అన్నాడు.

సొన్నమ్మకు ఒళ్లు మండిపోయింది. ముందున్నవాళ్లకు కొలిచి పోస్తున్నప్పుడే మూటలో ఎన్ని మిగిలాయో వాడి కళ్లకు కనపడలేదా? కొడుకు చిన్నప్ప పట్టాళంలో లారీ డ్రైవరుగా బర్మా వైపు యుద్ధానికి పోయాడు. తల్లి యుద్ధం మాత్రం ఈ బళేపేట సందులో, ఈ తలుపు ముందే.

"సోమవారం నీ బియ్యం నాకెందుకప్పా? రేపే కదా మా కోత పండగ!" అని అరిచింది.

కోత పండుగ అంటే ఏమిటో వాడికి తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. రెండో రెక్క కూడా మూసేశాడు.

ఖాళీ సంచి చంకన పెట్టుకుని, దారిలో కనిపించిన ప్రతిదాన్నీ తిట్టుకుంటూ ఇంటిదారి పట్టింది. బాప్తిస్మంలో ఆమెకు ఎలీసబెత్తు అని పేరు పెట్టారు. ఆ పేరు గుడి రిజిస్టరులో భద్రంగా ఉంది. గాజుల మలారం భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల చేతులకు గాజులు తొడిగే మనిషిని బళేపేటలో అందరూ సొన్నమ్మ అనే పిలుస్తారు. చేతులెంత మెత్తనివో నోరంత గట్టిది.

ఇవాళ ఆ నోటికి పని కల్పించింది ఒక కుండ. ఆమె సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. రోజూ బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేస్తారు. కోత పండుగనాడు కుండలన్నీ గుడికి తెచ్చి కుమ్మరిస్తే, ఆ బియ్యం దిక్కులేనివాళ్లకు పోతుంది. ఏప్రిల్‌లో చిన్నప్ప రైలెక్కిన రోజు సొన్నమ్మ ఆ కుండ ముందు మోకరించి, "వాణ్ణి ప్రాణాలతో నాకు తిరిగివ్వు తండ్రీ, పండగనాటికి ఈ కుండ నిండుగా తెచ్చి నీ ముందు పోస్తాను" అని మొక్కుకుంది. వాడి దగ్గరనుంచి ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. అందుకే ఆమెకు కుండ నిండడమూ కొడుకు బతికి ఉండడమూ ఒకటే అయిపోయాయి.

రేషన్ వచ్చాక బియ్యం సగానికి సగం పడిపోయాయి. మిగతా పూటంతా రాగి సంగటే. కోడలు లేయమ్మకు ఇప్పుడు ఎనిమిదో నెల. కడుపుతో ఉన్న పిల్ల నోటి దగ్గరిది తీసి పెడితే దేవుడు మాత్రం మెచ్చుకుంటాడా? అందుకని ఆ పిడికెడు తన వంతులోంచే తీయాలని సొన్నమ్మ నిర్ణయించుకుంది. నిర్ణయించుకుని, మధ్యాహ్నం కంచంలో అన్నం తగ్గుతుందని ఎదురుచూసింది. తగ్గలేదు! రోజూ పిడికెడు తీస్తోంది, రోజూ కంచంలో ఎప్పటి అన్నమే ఉంటోంది.

ఇంకేముంది? ఆగస్టులో స్త్రీల కూటంలో లేచి సాక్ష్యం చెప్పింది. కరువులో ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెట్టిన విధవరాలి తొట్టిలో పిండి తరగనట్టు, తన ఇంట్లో బియ్యం తరగడం లేదని చెప్పింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాదిరి అయ్యగారు దాని మీద ఒక ఆదివారమంతా ప్రసంగం చేశారు. అక్కడితో ఊరుకోక, కోత పండుగనాడు సొన్నమ్మ కుండను అందరికంటే ముందు పిలుస్తామని ప్రకటించారు.

బుధవారం దుమ్ము దులుపుదామని గూట్లోంచి కుండ ఎత్తితే, అది తేలిగ్గా చేతిలోకి లేచి వచ్చింది. దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టి దేవుని కోపం తెచ్చుకున్నాడని విన్నప్పటినుంచి, దేవుని వంతులోకి తొంగిచూడకూడదని ఆమె తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. పైగా అది సన్నమూతి కుండ. రోజూ పిడికెడు జారవిడవడమే గాని, లోపల ఎంతుందో ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చెయ్యి పెట్టి తడిమితే అడుగున నాలుగు గింజలు తగిలాయి.

ఎలుకలే అనుకుంది. బోను పెట్టింది. ఎలుక కొబ్బరిముక్క తిని, బోను పడకుండా జాగ్రత్తగా వెళ్లిపోయింది. శుక్రవారం పొద్దున ప్రార్థనకు కూర్చుని, ఓర్పు నశించి, "నీ కుండ నువ్వు కాపాడుకోలేనివాడివి, నా కొడుకునేం కాపాడతావు?" అని అడిగేసింది. అడిగాక భయం వేసి, చిన్నప్పటి అలవాటు కొద్దీ రెండు లెంపలూ వేసుకుంది.

ఇక మిగిలింది రేషన్ బియ్యం ఒక్కటే. వారం బియ్యమంతా కుండలో పోసి, తాను సంగటి తిని గడుపుదామనుకుంది. ఆ ఆశ మీద ఇప్పుడు అంగడివాడు తలుపు వేశాడు.

ఇల్లు చేరి, చెప్పులు విడిచి వంటింట్లోకి అడుగుపెట్టేసరికి, లేయమ్మ గూటి ముందు నిలబడి ఉంది. కుడిచెయ్యి మణికట్టుదాకా దేవుని కుండలో ఉంది. అత్తను చూసి చెయ్యి లాగబోయింది. కంగారులో పిడికిలి బిగుసుకుపోవడంతో సన్నమూతిలోంచి చెయ్యి బయటికి రాలేదు. బియ్యం వదిలేస్తేగాని చెయ్యి ఊడలేదు.

"ఓసి నీ చెయ్యి పడిపోను! దేవుని సొత్తే అది! ఎన్ని దినాలుగా జరగతా ఉండాది ఈ పని?"

"మొదటి దినం నుంచే, అత్తా."

"ఆకలైతే నన్నడిగితే ఏం పోయె? నా ముద్ద నీకు పెట్టుండనా?"

"నా ఆకలి కాదు."

"మరెవరి ఆకలే?"

లేయమ్మ మెతక మనిషి. ఈ ఇంటికి వచ్చిన రెండేళ్లలో గొంతెత్తి మాట్లాడింది లేదు. ఇప్పుడు ఎత్తింది.

"నీది! పొద్దున్నే పిడికెడు ఆడ ఏస్తావు, మలారం ఎత్తుకొని పోతావు. నేను దాన్ని తీసి మళ్లా ఎసట్లో ఏస్తా. అది నీ కంచంలోకే వస్తాది. ఏడు నెల్లుగా నువ్వు తింటా ఉండేది ఆ బియ్యమే! రైలెక్కే ముందు ఆయప్ప నన్ను పక్కకు పిల్చి, 'దేవుడు దేవుడని మాయమ్మ పస్తులుంటాది, నేనొచ్చేదాకా కడుపు నిండా పెట్టు' అని మాట తీసుకున్నాడు. నువ్వు దేవునికి మాటిస్తివి. నేను నీ కొడుక్కి మాటిస్తిని. ఇంకేం చేసేది నేను?"

సొన్నమ్మ ఖాళీ సంచి నేలకేసి కొట్టింది.

"మరి నేను సాక్ష్యం చెప్పిన దినం పక్కనే కూచోని ఆమేన్ అంటివి కదే!"

"అందరూ అనిరి. నేనూ అంటిని" అని లేయమ్మ ఏడవడం మొదలుపెట్టింది. "పండగలోపల కుండ నింపేద్దామనే ఉంటిని అత్తా. వర్తూరులో మాయమ్మకు చెప్పి పంపిచ్చినా. నిన్న బియ్యం తెస్తా ఉంటే గేటు దగ్గర పట్టుకున్నారంట. బయటి బియ్యం ఊళ్లోకి రాకూడదంట."

సొన్నమ్మ గోడకు ఆనుకుని కూలబడిపోయింది. కోపం అలాగే ఉంది గాని, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. తాను కొడుకు ప్రాణం కోసం కడుపు కాల్చుకుంటున్నాననుకుంది. వాడేమో అమ్మ కడుపు కోసం పెళ్లాం దగ్గర మాట తీసుకుని పోయాడు. ఇదేమో కడుపులో బిడ్డను పెట్టుకుని, చేతిలో ఉన్న పిడికెడు తాను తినక, తెచ్చి తెచ్చి తనకే పెట్టింది. సొన్నమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఈ ఇంట్లో ఒక్కరన్నా నాకు చెప్పి ఏడిస్తే కదా!" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు గుడి నిండా జనం. గుమ్మడికాయలు, చెరుకు గడలు, రాగి కంకులు బల్ల ముందు పేర్చారు. సంఘ పెద్ద ఓబళప్ప గొంతు సవరించుకుని, మొట్టమొదట సొన్నమ్మ పేరే పిలిచాడు. ఆమె కుండ ఎత్తుకుని వెళ్లి ఇత్తడి పళ్లెంలో వంచింది. ముందురోజు లేయమ్మ వదిలేసిందీ, ఆ పొద్దున తాను వేసిందీ కలిపి రెండు పిడికెళ్ల బియ్యం గలగలమని పడ్డాయి. ఓబళప్ప కుండ అందుకుని, బోర్లించి, అడుగు మీద తట్టాడు.

"ఇంతేనామ్మా?"

"ఇంతే. ఎంత తట్టినా ఇంతే" అంది సొన్నమ్మ విసుగ్గా. తర్వాత జనం వైపు తిరిగింది. "ఆగస్టులో నేను చెప్పింది నిజం గాదు. నా ఇంట్లో బియ్యం పెరగలేదు. నేను కుండలో ఏసింది నా కోడలు తీసి నాకే వండి పెట్టింది. దేవుని వంతు నేనే తినేసినా." కోడలు ఎందుకలా చేసిందో కూడా, ఏదీ దాచకుండా చెప్పింది. లేయమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

అయ్యగారు పాపం తన ప్రసంగం గుర్తొచ్చి కాబోలు, మెల్లగా అడిగారు.

"అయితే సొన్నమ్మా, అద్భుతం జరగలేదంటావా?"

"జరగలేదని ఎవరన్నారయ్యా?" అని ఆయన మీదా విసుక్కుంది. "ఏడు నెల్లు దేవుడు నన్ను సాకలేదా? నేను కుండ దిక్కు చూస్తా కూచున్యా. అన్నం పెట్టే చెయ్యి దిక్కు చూసింటే అప్పుడే తెలిసుండు." ఓబళప్ప చేతిలోంచి కుండ తీసుకుంది. "మొక్కు తీరలేదు. నా బిడ్డను మాత్రం ఆ కుండతో కొలవొద్దని అడుక్కుంటా ఉండాను."

ఆమేన్ అని ముందుగా అన్నది ఓబళప్ప. ఈసారి లేయమ్మ అనలేదు, అనలేని ఏడుపులో ఉంది.

సోమవారం తెల్లవారగానే అంగడి ముందు మొదటి మనిషిగా నిలబడి, సొన్నమ్మ బియ్యం తెచ్చుకుంది. లేయమ్మ ఎసరు పెట్టింది. సొన్నమ్మ పిడికెడు తీసి, కళ్లు మూసుకుని కొడుకు పేరు చెప్పుకుని, దేవుని కుండలో జారవిడిచింది. కళ్లు తెరిచేసరికి కోడలు తల వంచుకుని పొయ్యి ముందే నిలబడి ఉంది. ఎసరు కాగిపోతోంది. ఆ పిల్ల కదలదు.

ఏం మనిషిరా దేవా ఇది! అన్నీ నోటితో చెప్పాలా? సొన్నమ్మ నిండుగా ఉన్న నీళ్ల బిందెను ఎత్తి పెరట్లో కుమ్మరించింది.

"నీళ్లు లేవు. కొళాయి దగ్గరికి పోతా ఉండా" అంది గుమ్మంలోంచి. "ఇంకోసారి నా ఒక్క కంచంలోనే ఏసినావంటే ఊరుకోను. రెండిట్లో సమంగా పెట్టు."

కొళాయి దగ్గర అప్పటికే బిందెల వరుస ఉంది. ఆమె వంతు వచ్చింది. రోజూ ఆమెతో తగువు పెట్టుకునే పక్కింటి నాగమ్మ, బిందె గట్టిగా పట్టుకుని, కొట్లాటకు సిద్ధంగా వెనకే నిలబడింది.

"ముందు నువ్వు పట్టుకో నాగమ్మా. నాకేం తొందర లేదు" అంది సొన్నమ్మ.