ఇరుకు రికాబులు

మా మేనత్త దగ్గర ఏడుపుకి విలువ లేదు. ఆవిడ స్వారీ బడిలో చేరిన పిల్లలు కొన్నాళ్ళు ఏడ్చేవారు, తర్వాత ఏడుపు మానేసేవారు. ఆ మానేయడాన్నే ఆవిడ విద్య అనేది. మా నాన్న పోయాక నన్ను తెచ్చి ఆ బడిలోనే ఉంచుకుంది. పెంచింది అనను. పెంచింది గుర్రాలను, నన్ను పనిలో పెట్టుకుంది.

ఆ బడిలో ఒక ఆచారం ఉంది. గుర్రానికి జీను ఎవరు కడితే, దానికి వేలాడే రికాబులు, అదే ఎక్కినవాళ్ళు పాదాలు పెట్టుకునే కడియాలు, కూడా వాళ్ళే ఎంచుతారు. ఎక్కేవాళ్ళు అందులో నోరు పెట్టకూడదు. కొత్తవాళ్ళకి అత్త తగిలించేది ఎప్పుడూ ఒకటే జత, తన చిన్ననాటి ఇనప రికాబులు. పాదం ఆనే అడుగు సన్నగా, అరిగిపోయి నున్నగా ఉండేది. వెడల్పు సరిగ్గా ఆవిడ చిన్న పాదానికి పట్టేంతే. పిల్లలు వాటికి ‘పంతులమ్మలు’ అని పేరు పెట్టారు. కొత్తగా ఎవరు చేరినా, "పంతులమ్మలతో పాఠమైందా?" అని అడిగి కిసుక్కున నవ్వేవారు.

రికాబు ఎలా ఉండాలో అత్తకి తెలియక కాదు. బూటుకి అటొక వేలు, ఇటొక వేలు చోటుండాలి. ఇరుకైతే పాదం చిక్కుకుంటుంది, పడ్డప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. మరీ వదులైతే పాదం మొత్తం అవతలికి దూరిపోతుంది, అదీ ప్రమాదమే. అడుగు వెడల్పుగా, రబ్బరు వేసి ఉంటే ఒంటి బరువు పాదమంతా సర్దుకుంటుంది. ఇవన్నీ పొల్లుపోకుండా చెప్పేది. చెప్పి, నాకు పంతులమ్మల్నే తగిలించేది. నా పాదాలు నాన్న పోలిక, చేటలంత ఉంటాయి.

స్వారీ అయ్యాక బూట్లు విప్పితే వేళ్ళు నావి కావన్నట్టు ఉండేవి. తిమ్మిరి వదిలేటప్పుడు చుక్కలు కనిపించేవి. అత్త వచ్చి నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఎంతో ప్రేమగా, ఎర్రగా కమిలిన చోటే బొటనవేలితో నొక్కేది.

"నొప్పుందా?"

"ఉందత్తా."

"మంచిది. రేపు ఇంకాస్త సేపు ఎక్కు."

ఒకసారి లేదని చెప్పి చూశాను. "అయితే ఇంకా చాల్లేదన్నమాట. రేపు ఇంకాస్త సేపు ఎక్కు" అంది. నా ఎడమ చిటికెనవేలికి ఇప్పటికీ గోరు మొలవదు.

అత్తకి ఒక్కతే కూతురు, నాకు మరదలు, నన్ను వదినా అని పిలిచేది. దాన్ని కన్నతల్లే ‘వెన్నముద్ద’ అనేది, ముద్దుకి కాదు. అది చిన్నపిల్లలకి నేర్పేది. ముందు రికాబుని వాళ్ళ బూటు అడుగున పెట్టి కొలిచి, చోటుందో లేదో చూసి, అప్పుడు ఎక్కించేది. ఒకసారి నాకూ వెడల్పు జత తెచ్చి తగిలించింది. అత్త చూసి ఒక్క కేక వేయలేదు. దాని చేతే వాటిని విప్పించింది, దాని చేతే పంతులమ్మల్ని తగిలింపజేసింది. అది కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తగిలించింది. నాకు దాని మీద జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఎదిరించలేని మంచితనం నాకెందుకు?

అత్తకి వయసు మీద పడింది. షుగరొచ్చి పాదాలు ఉబ్బి, చెప్పులు కూడా పట్టేవి కావు. అలాంటిది, ఈసారి వార్షిక ప్రదర్శనలో తానూ గుర్రమెక్కుతానంది. బడి తాళాలు ఎవరికిచ్చేదీ ఆ తర్వాత చెప్తానంది. ఇక చెప్పేదేముంది? కన్నకూతురు ఉండగా నాకెందుకిస్తుంది? నాకు పెళ్ళి లేదు, ఇల్లు లేదు, గుర్రపుశాల మీద ఉన్న గదే నా లోకం. వెన్నముద్ద నన్ను వెళ్ళగొట్టదు. దయతలిచి ఉండనిస్తుంది. కడుపు మండింది అక్కడే.

ప్రదర్శన రోజు అత్త, "జీను నువ్వు కట్టవే" అంది నాతో. కడుతుంటే మరదలు కొత్త జత పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వెడల్పు అడుగు, మెత్తటి రబ్బరు. బయటి వైపు, పాదం చిక్కితే దానంతటదే ఊడొచ్చే పట్టీ.

"వదినా, అమ్మ కాళ్ళు చూశావుగా. పుండు పడితే మానదన్నాడు డాక్టరు. ఇవి తగిలించు, నీకు దణ్ణం పెడతా."

"జీను కడుతున్నదెవరు?" అన్నాను. మేకుకి వేలాడుతున్న పంతులమ్మల్ని తీసి తగిలించాను. నిజం చెప్పాలంటే, ప్రాణం హాయిగా ఉంది.

అత్త వచ్చి రికాబుల వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. ఎత్తు బల్ల మీద నుంచి జీనెక్కి కూర్చుంది. బలవంతాన తొడుక్కున్న బూటు ముందుభాగం రికాబులో పట్టలేదు. కుక్కుకుంటే తప్ప దిగలేదు. మైదానం చుట్టూ కుర్చీల్లో పిల్లల తల్లిదండ్రులు.

"అడుగత్తా," అన్నాను, ఆవిడకి మాత్రమే వినిపించేలా. "వెడల్పువి కావాలని ఒక్క మాట అడుగు. ఇప్పుడే మారుస్తా."

అత్త ముఖంలో చెమట. "రికాబు వేలాడే తోలు పట్టీ పొడుగైంది," అంది. "ఒక రంధ్రం పైకెత్తు."

పట్టీ పొట్టిదైతే బరువు ఇంకా పాదాల మీదే పడుతుంది. అది తెలిసే అడిగింది. తెలిసే నేను ఎత్తాను.

నడిపించింది, పరిగెత్తించింది, కర్రలు దాటించింది. వెన్ను వంచలేదు, జూలు పట్టుకోలేదు. చప్పట్లు మారుమోగాయి. వెన్నముద్ద మాత్రం కొత్త జతను గుండెలకి హత్తుకుని నిలబడింది.

దిగబోతే కుడిపాదం బయటికి రాలేదు. మరదలు గుర్రాన్ని పట్టుకుంది, నేను పాదాన్ని మెలితిప్పి లాగాను. లోపలికి తీసుకెళ్ళి, తోలు కోసే కత్తితో బూటు కోశాం. మేజోడు తడిసి ఉంది. ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కమిలిన చోట బొటనవేలితో నొక్కాను.

"నొప్పుందా, అత్తా?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను మొదటిసారి చూశాను. "ఉందే" అంది.

"మంచిది" అన్నాను.

పుండు మానలేదు. ఆస్పత్రిలో ముందు వేళ్ళు తీసేశారు, తర్వాత పాదంలో సగం. అత్త చక్రాల కుర్చీలో బడికి తిరిగొచ్చి, మా ఇద్దరినీ పిలిచి తాళాల గుత్తి నా ఒళ్ళోకి విసిరింది.

మరదలు తెల్లబోయింది. "అమ్మా, నేనేం తప్పు చేశాను? రాత్రీ పగలూ నీ కట్లు మార్చింది నేను కదా?"

"అందుకే నీకివ్వలేదు," అంది అత్త. "నువ్వైతే ఆవేళ వెడల్పువి తగిలించేదానివి. నీ చేతికిస్తే ఈ బడి ఆడుకునే చోటైపోతుంది. దీన్ని చూడు. నా చేత్తో చేసుకున్నాను."

నాకు పట్టరాని సంతోషం కలిగింది. అబద్ధం చెప్పి ఏం లాభం? అయితే ఆ చివరి మాట మాత్రం, తినేటప్పుడు పంటికింద రాయిలా, ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది.

ఆ సాయంత్రమే మరదలు పెట్టె సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ జీనుల గదికొచ్చి, కొత్త జతను పంతులమ్మల పక్క మేకుకి తగిలించింది.

"ఉంచుకో వదినా. నీ కాళ్ళూ ఎప్పుడో ఉబ్బుతాయి."

"అప్పుడు నువ్వొచ్చి తగిలిద్దువుగాని," అని నవ్వాను.

"నేను రాను," అంది. దాని గొంతులో ఏడుపు లేదు, నాకదే వింతగా అనిపించింది. "ఆ రోజొచ్చినప్పుడు నీకు జీను కట్టేది నువ్వు నేర్పినవాళ్ళే."

అది గేటు దాటేదాకా చూశాను. మైదానంలో కొత్తగా చేరిన అమ్మాయి గుర్రం పక్కన నిలబడి నాకోసం ఎదురుచూస్తోంది. పాదాలు వెడల్పు, నావిలాగే. మేకుల మీద రెండు జతలూ ఉన్నాయి. పంతులమ్మల్ని తీసుకుని బయటికి నడిచాను.